పాస్ కొన్నాం కాబట్టి

“అమ్మా, మనం పార్కు కోసం వెళ్తున్నామా, పాస్ కోసం వెళ్తున్నామా?” అని అడిగి, మా అమ్మాయి అప్పటికే వేసుకున్న ఒక్క బూటు కూడా విప్పేసి సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఆదివారం మధ్యాహ్నం రెండు దాటింది. సీజన్ చివరి వారాలు కనుక అమ్యూజ్‌మెంట్ పార్కును సాయంత్రం ఆరింటికే మూసేస్తారు. ఆమె తమ్ముడు కారెక్కి బెల్టు పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. నేను తాళాలు చేతిలో ఆడిస్తూ, “మరి అంత డబ్బు పోసి కొన్నదెందుకు?” అన్నాను. ఆమె అడిగినదానికి అది జవాబు కాదు, ఆమె అనుమానానికి రుజువు.

ఒకసారి కొంటే సీజన్ అంతా పార్కుకు ఎన్నిసార్లయినా వెళ్ళనిచ్చే సీజన్ పాస్ లెక్క వినడానికి తేలికగానే ఉంటుంది. చాలా చోట్ల రెండు మూడు సార్లు గేటు దగ్గర టికెట్ కొంటే ఎంతవుతుందో పాస్ ధర కూడా ఇంచుమించు అంతే ఉంటుంది కనుక, ఆ తర్వాత వెళ్ళిన ప్రతిసారీ లాభమేనని మనం అనుకుంటాం. పార్కువారి లెక్క వేరు. పాస్ డబ్బు గేట్లు తెరవకముందే వారి చేతికొస్తుంది, వాన పడినా మనకు జ్వరం వచ్చినా వెనక్కి పోదు, పైగా లోపలికి వచ్చిన మనిషి పార్కింగుకో తిండికో బొమ్మలకో ఎలాగూ ఇంకొంత వదిలించుకుంటాడు. ఇందులో మోసమేమీ లేదు. చిక్కు నా పెంపకంలో ఉంది. గదిలోంచి వస్తూ లైటు ఆర్పకపోతే వెనక్కి పిలిచి మరీ ఆర్పించిన ఇంట్లో పెరిగినదాన్ని; డబ్బు కట్టింది వాడకుండా పడి ఉంటే నాకు నిద్ర పట్టదు. వెళ్ళిన ప్రతిసారీ పాస్ ధరను ఫోనులో భాగించుకుని, ఒక్కొక్క రాకకు ఎంత పడిందో చూసుకుంటాను. ఆ అంకె దిగుతుంటే కలిగే సంతోషం నాకు ఏ రైడ్ మీదా కలగలేదు. నిజం చెప్పాలంటే రైడ్లెక్కితే నాకు కళ్ళు తిరుగుతాయి.

పిల్లలిద్దరూ ఊహ తెలిసినప్పటి నుంచీ పాస్ ఉన్నవాళ్ళు. వాళ్ళకు అది వీధి చివరి ఆటస్థలం లాంటిది. ఒక్క రోలర్ కోస్టర్ ఎక్కి, “చాలు, ఇక ఇంటికెళ్దాం” అని నిశ్చింతగా అనగలరు. నాకేమో తెరిచే వేళకు ముందే గేటు దగ్గర ఉండాలి, మూసే వేళకు చివరి క్యూలో ఉండాలి, మధ్యలో బల్ల మీద కూర్చున్న ప్రతి నిమిషమూ నష్టం కింద జమ. ఆలోచిస్తే, పాస్ ఇచ్చే అసలు సుఖం వాళ్ళు అనుభవిస్తున్నదే. ఒక్క రోజు టికెట్ కొన్నవారికి తొందర తప్పదు. పాస్ ఉన్నవారు ఈ వేళ ఎక్కనిది మరో వారం ఎక్కవచ్చు. పాస్ కొని, ఒక్క రోజు టికెట్ కొన్నదానిలా పరుగులు పెట్టేది నేనొక్కదాన్నే. ఇంత తెలిసీ, తర్వాతిసారి కూడా పరుగే పెడతాను.

అయితే నింద మొత్తం నేనే మోయదలచుకోలేదు. పాస్ అమ్మేది ఏడాది పొడుగునా పనికొస్తుందన్నట్టు, తెరిచి ఉంచేది మాత్రం వారికి వీలైన వేళల్లో. బడులు నడిచే నెలల్లో చాలా పార్కులు శని, ఆదివారాల్లో తప్ప తెరవవు. కారణం అర్థం చేసుకోదగ్గదే: రైడ్లు నడిపేవారిలో ఎక్కువమంది చదువుకునే కుర్రాళ్ళు, వేసవి అయిపోగానే వాళ్ళు కాలేజీల దారి పడతారు, రావలసిన పిల్లలూ బళ్ళలో ఉంటారు, జనం వచ్చినా రాకపోయినా ప్రతి రైడుకూ మనుషులను నిలబెట్టక తప్పదు, ప్రతి ఉదయమూ తనిఖీలు చేయక తప్పదు. ఫలితంగా పార్కుకూ మా పిల్లల తెలుగు తరగతికీ ఒకే రోజు, ఒకే గంట కుదిరింది. తరచూ వెళ్ళేవారిని ఎవరిని అడిగినా చెబుతారు, పార్కులో విలువైనది తెరిచిన మొదటి గంటేనని. అప్పుడు వరసగా మూడు నాలుగు పెద్ద రైడ్లు ఎక్కేయవచ్చు. మధ్యాహ్నం అయితే అవే రైడ్లకు పూటంతా పడుతుంది. ఆ మొదటి గంటలో మా వాళ్ళు గుణింతాలు దిద్దుతూ ఉంటారు. తరగతి ముగించుకుని, కారులోనే ఏదో తినిపించి, పార్కుకు చేరేసరికి క్యూ మొదట్లో, ఎంతసేపు ఆగాలో చెప్పే బోర్డు మీద మనసు విరిచే అంకె కనబడుతుంది. “క్లాసు వల్లే” అంటాడు అబ్బాయి. అన్నది నిజం కాబట్టి నాకు కోపం వస్తుంది. భాషకూ ఆటకూ పోటీ పెట్టింది నేనా, పార్కు వేళల పట్టికా అన్నది నేనింకా తేల్చుకోలేదు. పాస్ గడువు ముగిసే ఆదివారం మాత్రం తరగతి మానిపించి పొద్దున్నే తీసుకెళ్ళాను. పిల్లలకు జలుబు చేసిందని టీచరుగారికి కారులోంచే ఫోన్ చేసి చెప్పాను. వెనక సీట్లో ఇద్దరూ విన్నారు.

ఆ పట్టిక కూడా నిలకడగా ఉండదు. హాలోవీన్ రోజుల్లో కొన్ని పార్కులు మామూలు టికెట్లు, పాస్‌లు ఉన్నవారిని సాయంత్రమే పంపించేసి, రాత్రి వేడుకకు వేరే టికెట్ మీద గేట్లు తెరుస్తాయి. గాలి హెచ్చితే ఎత్తైన రైడ్లను ఆపేస్తారు గానీ పార్కు తెరిచే ఉంటుంది కనుక డబ్బు తిరిగి ఇమ్మనడానికి లేదు. చౌక రకం పాస్‌లకు బ్లాక్‌అవుట్ తేదీలని ఒక జాబితా ఉంటుంది, ఆ రోజుల్లో పాస్ చెల్లదు. అవి ఎక్కువగా సెలవు రోజులు, అంటే బడి పిల్లలకూ ఉద్యోగస్థులైన తల్లిదండ్రులకూ ఒకేసారి తీరిక దొరికే కాసిని రోజులు. కొన్నిచోట్ల పాస్ చేతిలో ఉన్నా తేదీని ముందే రిజర్వ్ చేసుకోవాలి. చేసుకుని రాకపోవడం కొన్నిసార్లు జరిగితే, కొన్నాళ్ళపాటు కొత్త రిజర్వేషన్ ఇవ్వరు. ఇక ఒక్క రోజు టికెట్ కొందామంటే అదీ తేదీని బట్టి మారుతుంది. డిస్నీ తన అమెరికా పార్కుల్లో 2016లో రద్దీని బట్టి ధరలు పెట్టింది, ఇప్పుడు ఆ పద్ధతి చాలా చోట్ల ఉంది. “మంగళవారం ఎంత చౌకగా ఉందో చూశావా, బడి మాన్పిద్దామా?” అని మా వారు నవ్వులాటకు అంటే, చదువు విలువ గురించి నేనొక ఉపన్యాసం ఇచ్చాను. అమ్మాయి ఏమీ అనలేదు. తమ్ముడి వైపు చూసి, జలుబు చేసినట్టు ఒకసారి ముక్కు ఎగబీల్చింది.

వయసు, ఎత్తుల దగ్గరకు వచ్చేసరికి నా బుద్ధి ఇంకా తేటగా బయటపడుతుంది. అమెరికాలోని డిస్నీ పార్కుల్లో మూడేళ్ళు నిండని పిల్లలకు టికెట్ అక్కర్లేదు, మూడు నుంచి తొమ్మిదేళ్ళ వరకు పిల్లల ధర, పదేళ్ళు నిండగానే పెద్దల ధర. మరికొన్ని పార్కులు వయసుతో పని లేకుండా ఎత్తు చూస్తాయి, తరచు 48 అంగుళాల గీత పెట్టుకుని, దానికి లోపు ఉంటే పిల్లల ధర అంటాయి. చాలా రోలర్ కోస్టర్లకు కూడా అదే గీత, దాన్ని అందుకుంటేనే ఎక్కనిస్తారు. అంటే ఆ ఒక్క గీత దగ్గర తల్లి కోరిక ఒకటి, బిడ్డ కోరిక మరొకటి. మా అబ్బాయి దానికి వెంట్రుకవాసిలో ఉన్న రోజుల్లో పాస్ ఇచ్చే కౌంటర్ దగ్గర వాణ్ణి గోడకు ఆనించి నిలబెట్టారు. వాడు మడమలు నేలకు ఆనీ ఆనకుండా, మెడ సాచి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. రేగిన జుట్టు సవరిస్తున్నదానిలా నేను అరచేత్తో వాడి నడినెత్తిని అదిమాను. “ఎందుకమ్మా నొక్కుతున్నావు?” అని వాడు వరసలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా అడిగాడు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి మా భాష రాదు గానీ సంగతి అర్థమైనట్టే ఉంది, నవ్వి పిల్లల పాస్ ఇచ్చింది. అరగంట తర్వాత రోలర్ కోస్టర్ క్యూ మొదట్లో ఉన్న కొలకర్ర పక్కన నిలబడి, అదే జుట్టును నేనే పైకి దువ్వుతున్నాను.

ఇవన్నీ గమనించి, “ఎక్కినదానికి మాత్రమే డబ్బులు కట్టేలా ఉంటే ఎంత బాగుండేదో!” అంది అమ్మాయి ఒకనాడు. అది కొత్త ఆలోచన కాదు. డిస్నీలాండ్ 1955లో తెరిచినప్పుడు ప్రవేశానికి ఒక టికెట్, రైడ్లకు వేరే టికెట్లు. ఎ, బి, సి అని తరగతులు చేసి వాటిని చిన్న పుస్తకంగా అమ్మడం ఆ ఏడాదే మొదలైంది, అన్నిటికంటే పెద్ద రైడ్ల కోసం ఇ టికెట్ 1959లో వచ్చింది. గేటు దగ్గర ఒకే ధర కట్టి లోపల ఎన్నిసార్లయినా ఎక్కే పద్ధతికి 1961లో మొదలైన సిక్స్ ఫ్లాగ్స్ ఓవర్ టెక్సాస్ వంటి పార్కులు దారి వేశాయి. 1982లో డిస్నీలాండ్ కూడా టికెట్ పుస్తకాలకు స్వస్తి చెప్పింది. పాత పద్ధతి అంతరించిపోలేదు కూడా. పెన్సిల్వేనియాలోని కనోబెల్స్‌లో ప్రవేశమూ పార్కింగూ ఉచితం, ఏ రైడ్ ఎక్కితే దానికే టికెట్. కోపెన్‌హేగన్‌లో 1843 నుంచి నడుస్తున్న టివోలీలో ఇప్పటికీ ప్రవేశం వేరు, రైడ్లు వేరు. ఇదంతా పిల్లకు చెబుతూ చెబుతూ, టికెట్లు లెక్కగా ఉంటే ఏది నిజంగా కావాలో ముందే ఆలోచించుకోవడం అలవాటవుతుంది, దుబారా తగ్గుతుంది అని నేను పాఠంలోకి జారాను. ఆమెకు కావలసింది పొదుపు కాదు. ఒక్కటి ఎక్కి, ఎవరి ముఖమూ చిన్నబోకుండా ఇంటికి రావడం, అంతే. అయినా నా సంగతి నాకు తెలుసు: ఆ పుస్తకంలో మిగిలిన టికెట్లను సొరుగులో దాచి, వాటిని వాడేయడానికే మళ్ళీ అందరినీ బయలుదేరదీసేదాన్ని.

క్యూ దాటించే టికెట్ల విషయంలో ఏళ్ళ తరబడి మొండిగా ఉన్నాను. డిస్నీ 1999లో ఫాస్ట్‌పాస్ పెట్టినప్పుడు అది ఉచితమే. 2021లో దాని స్థానంలోకి డబ్బు కట్టేది వచ్చింది. మిగతా పార్కుల్లోనూ ఇటువంటివి ఉన్నాయి, మామూలు సీజన్ పాస్‌లో సాధారణంగా అవి కలిసి రావు. ఓపిక నేర్చుకోవడానికి క్యూని మించిన బడి లేదని పిల్లలకు చెబుతూ వచ్చాను. పక్క వరసలోంచి చకచకా వెళ్ళిపోతున్నవారిని చూపించి అబ్బాయి, “వాళ్ళు మనకంటే ముందొచ్చారా?” అన్నాడు. “లేదు నాన్నా, ఎక్కువ డబ్బు కట్టారు” అన్నాక ఓపిక గురించి మరి మాట్లాడలేకపోయాను. ఆ తర్వాత మా నాన్నగారు మమ్మల్ని చూడడానికి వచ్చినప్పుడు, ఆయన ఎండలో నిలబడలేరన్న వంకతో ఇంటిల్లిపాదికీ అవే కొన్నాను. ఆయన ఎక్కింది పార్కు చుట్టూ తిరిగే రైలు, దానికి క్యూ లేదు. పిల్లలు మాత్రం ఆ రోజు యువరాజుల్లా తిరిగారు, మరోసారి మామూలు వరసలో నిలబడినప్పుడు, “తాతయ్య మళ్ళీ ఎప్పుడొస్తారు?” అని అడిగారు.

కాస్త పెద్దవాళ్ళయితే స్నేహితులతో వాళ్ళే వెళ్ళి వస్తారు, నాకీ గొడవ ఉండదనుకునేదాన్ని. అదీ ఇప్పుడు అంత సులువు కాదు. ఒహైయోలోని సెడార్ పాయింట్ 2023 నుంచి, 15 ఏళ్ళు, అంతకు తక్కువ వయసున్నవారు సాయంత్రం 4 గంటల తర్వాత పార్కులో ఉండాలంటే 21 ఏళ్ళు నిండినవారు ఎవరైనా తోడుండాలని నియమం పెట్టింది. మరికొన్ని పార్కుల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. అమ్మాయి ఇది చదివి ఉసూరుమంది. నేనూ ఆమెతో పాటు “అయ్యో” అన్నాను గానీ, నన్ను రావద్దనడానికి వాళ్ళకు వీలు లేనందుకు లోలోపల ఊరట కలిగింది.

ఎవరైనా సలహా అడిగితే ధర కంటే ముందు క్యాలెండర్ తీయమంటాను. మీకు నిజంగా తీరిక ఉండే రోజుల పక్కన పార్కు తెరిచే రోజులు రాసుకుని, చెల్లని తేదీలను, పిల్లల తరగతులను, తొందరగా మూసే సాయంత్రాలను కొట్టేస్తే మిగిలేదే మీ సీజన్. దానికి ఎంత ఇవ్వవచ్చో అప్పుడు చూసుకోవాలి. నెలవారీ వాయిదాల మీద కొంటే, గడువు తీరాక అది ఆగుతుందో తనంత తానే సాగుతుందో కూడా చదువుకోవాలి. ఇంతవరకు ధైర్యంగానే చెప్పగలను. డబ్బు కట్టింది వాడకపోతే దండగ అని పిల్లలకు నేర్పాలా వద్దా అంటే నా దగ్గర జవాబు లేదు. నేర్పకపోతే వస్తువుకూ శ్రమకూ విలువ తెలియని మనుషులవుతారని భయం. నేర్పితే, ఇష్టం చచ్చిపోయిన చోటికి కూడా కట్టేశాం కదా అని వెళ్తూనే ఉంటారని అంతకంటే పెద్ద భయం. ఈ రెండో రకం మనిషిని నేను అద్దంలో చూస్తూనే ఉన్నాను. ఆ మనిషి మరీ చెడ్డదేమీ కాదు, అదే నా ఇబ్బంది.

వచ్చే సీజన్ పాస్‌లు అప్పుడే అమ్మకానికి పెట్టారు. ఇప్పుడు కొంటే ధర తక్కువ, ఈ సీజన్‌లో మిగిలిన రోజులూ కలిసొస్తాయి. ఈసారి మన ముగ్గురికే కొందాం, అమ్మాయికి రావాలనిపించిన రోజు గేటు దగ్గర టికెట్ తీసుకుందాం అంటారు మా వారు. లెక్క వేసి చూశాను: ఆమె రెండు సార్లకు మించి వస్తే మాకు నష్టం. ఈ మాట ఆమెతో అంటే రెండు సార్లే వస్తుంది; అనకపోతే ఆమె వచ్చిన ప్రతిసారీ నేను వేళ్ళు మడుస్తూ కూర్చుంటాను. తగ్గింపు ధర సోమవారంతో ముగుస్తుంది.