రీమ్యాప్ అయిపోయింది సరే, మన వైజాగ్ రోడ్లకి క్లచ్ ఏది వేయిస్తారు?

ఈమధ్య వైజాగ్‌లో టర్బో పెట్రోల్ మాన్యువల్ బళ్ళు బాగా కనిపిస్తున్నాయి, వర్టస్ జీటీ 1.5, స్లావియా 1.5, వెర్నా టర్బో, ఐ20 ఎన్ లైన్... చాలామంది కొన్న కొన్నాళ్ళకే రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) కొట్టించేస్తున్నారు. ఆ తర్వాత నన్ను అడిగేది ఒకటే, "అన్నా క్లచ్ స్టేజ్ 2 వెయ్యనా స్టేజ్ 3 వెయ్యనా" అని. నేను తిరిగి అడిగేదీ ఒకటే, నీ బండి టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) ఎంత, రోజూ ఏ రోడ్లో తిరుగుతావ్? ఈ రెండూ తేలకుండా క్లచ్ కొంటే డబ్బులిచ్చి మోకాలి నొప్పి తెచ్చుకున్నట్టే.

ముందు హార్స్‌పవర్ గొడవ పక్కన పెట్టండి, క్లచ్ మొయ్యాల్సింది టార్క్. వర్టస్ 1.5 స్టాక్‌లో 150 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు, ఆ 250 కూడా 1600 ఆర్పీఎం నుంచి 3500 దాకా అలాగే ఉంటుంది. వెర్నా టర్బో 253. టర్బో లేని పాత పెట్రోల్ బళ్ళలో టార్క్ పైన ఎక్కడో వచ్చేది కాబట్టి క్లచ్‌కి కింద పెద్ద పని ఉండేది కాదు, వీటిలో అలా కాదు, రీమ్యాప్ చేస్తే కింద నుంచే ఒక్కసారిగా తోసేస్తుంది, అందుకే మొదట స్లిప్ (క్లచ్ జారడం) బయటపడేది ఫస్ట్ గేర్లో కాదు, ఫోర్త్ ఫిఫ్త్‌లో. అనుమానం ఉంటే పొద్దున్నే రుషికొండ దాటాక భీమిలి రోడ్డు ఖాళీగా ఉన్న చోట ఫోర్త్‌లో 2000 దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి చూడండి. ఆర్పీఎం ముల్లు గబుక్కున పైకి లేచి, స్పీడ్ మాత్రం దాని మానాన అది నెమ్మదిగా ఎక్కుతుంటే క్లచ్ జారుతోందన్నమాట.

ఇక ఈ "స్టేజ్" అనే మాట. క్లచ్ ఎంత గట్టిదో చెప్పడానికి అమ్మేవాళ్ళు పెట్టుకున్న నంబరు ఇది, దీనికి అన్ని కంపెనీలకీ కలిపి ఒక లెక్కంటూ లేదు, ఒకడి స్టేజ్ 1 ఇంకొకడి స్టేజ్ 2 కంటే ఎక్కువ మొయ్యొచ్చు. కాబట్టి డబ్బా మీద స్టేజ్ చూడకండి, ఎన్ని న్యూటన్ మీటర్లు పడుతుందో అడగండి, చెప్పలేకపోతే ఆ షాపు నుంచి వచ్చెయ్యండి. అసలు లెక్క మరీ కష్టమేం కాదు, లైనింగ్ (క్లచ్ ప్లేట్ మీద రుద్దుకునే పొర) ఘర్షణ గుణకం, ప్రెషర్ ప్లేట్ (క్లచ్ ప్లేట్‌ని ఇంజిన్ చక్రం, అంటే ఫ్లైవీల్‌కి అదిమిపెట్టేది) నొక్కే బలం, ప్లేట్ సగటు వ్యాసార్థం, రుద్దుకునే ముఖాలు ఎన్ని, ఈ నాలుగూ గుణించుకోవడమే. ఉదాహరణకి బయటి వ్యాసం 228 మిల్లీమీటర్లు, లోపలిది 150 ఉన్న ప్లేట్ అనుకుందాం, సగటు వ్యాసార్థం 94.5 మి.మీ. వస్తుంది. ఆర్గానిక్ (కంపెనీ మామూలుగా వేసే రకం) లైనింగ్‌కి 0.3 వేసుకుని, 6000 న్యూటన్ల నొక్కుడు, రెండు ముఖాలు అంటే దగ్గర దగ్గర 340 న్యూటన్ మీటర్లు. అదే ప్లేట్ ఉంచి ప్రెషర్ ప్లేట్ 7500 న్యూటన్లది వేస్తే 425. ప్రెషర్ ప్లేట్ పాతదే ఉంచి సిరామిక్ ప్లేట్ 0.4 ది వేస్తే 454. అంటే ఒకే ప్లేట్‌తో కెపాసిటీ పెంచడానికి రెండు దారులున్నాయి, ఒకటి కాలికి బరువు, రెండోది బండికి జర్క్.

మన ఊరి సంగతి ఇక్కడే వస్తుంది. పొద్దున్న మద్దిలపాలెం, హనుమంతవాక సిగ్నళ్ళు, సాయంత్రం ఎన్ఏడీ జంక్షన్, ఆదివారం సింహాచలం కొండ, చలికాలం వచ్చిందంటే అరకు ఘాట్. అనంతగిరి మలుపుల్లో ముందు లోడు లారీ, వెనక బస్సు, ఎత్తు మీద ఆగి కదలాలంటే హాఫ్ క్లచ్ పట్టక తప్పదు. సిరామిక్ పక్ ప్లేట్‌కి (నిండు లైనింగ్‌కి బదులు విడివిడి బిళ్ళలుండేది) ఆ హాఫ్ క్లచ్ అనేది దాదాపు ఉండదండి. మామూలు ప్లేట్‌లో రెండు లైనింగ్‌ల మధ్య అలల్లా వంచిన పల్చటి స్టీలు రేకులుంటాయి, అవి నెమ్మదిగా నలుగుతూ పట్టు ఇస్తాయి కాబట్టి మెత్తగా కదులుతుంది. చాలా పక్ ప్లేట్లలో అవి ఉండవు, పట్టిందా పట్టింది, లేదా వదిలేసింది, అంతే. ట్రాక్‌కి బాగుంటుంది గానీ ఇంట్లో అమ్మని కూర్చోబెట్టుకుని సింహాచలం ఎక్కేవాడికి ఎందుకు చెప్పండి? కెవ్లార్ (గట్టి నార) లైనింగ్ మెత్తగా ఉంటుంది, చాలాకాలం వస్తుంది, కానీ కొత్తలో వేడెక్కిస్తే గాజులా మెరిసిపోయి పట్టు పోతుంది, ఘాట్‌లో ఆ భయం ఉంటుంది.

నా మాటైతే, 300-350 న్యూటన్ మీటర్ల దాకా ఉన్న రోడ్డు కారుకి ఫుల్ ఫేస్ (చుట్టూ నిండుగా లైనింగ్ ఉన్న) ఆర్గానిక్ ప్లేట్, మధ్యలో స్ప్రింగులున్న హబ్, కొంచెం గట్టి ప్రెషర్ ప్లేట్. మీ టార్క్ మీద 20-30 శాతం ఎక్కువ పట్టేది చాలు. సాక్స్ (Sachs), లుక్ (LuK), ఎక్సెడీ (Exedy) లాంటి పేరున్నవాళ్ళ సరుకులో మీ బండికి దొరుకుతుందేమో ముందు చూడండి. ఇంకా గట్టిదైతే మంచిదే కదా అనుకోవద్దు, క్లచ్ జారకపోతే ఆ దెబ్బ గేర్‌బాక్స్‌కీ డ్రైవ్‌షాఫ్ట్‌కీ పోతుంది. పైగా గట్టి ప్రెషర్ ప్లేట్‌ని తొక్కినప్పుడల్లా ఆ బరువు రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే ప్రెషర్ ప్లేట్‌ని నెట్టేది) మీదుగా క్రాంక్ థ్రస్ట్ బేరింగ్ (క్రాంక్‌షాఫ్ట్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపేది) మీద పడుతుంది, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ వెయ్యకుండా తొక్కి కూర్చునే అలవాటుంటే ఇంకా తొందరగా అరిగిపోతుంది. 450, 500 దాటినవాళ్ళకి ట్విన్ ప్లేట్ నయం, రెండు ప్లేట్లకి నాలుగు ముఖాలు కాబట్టి అంత నొక్కుడు అక్కర్లేదు, పెడల్ తేలిగ్గానే ఉంటుంది, ఖర్చు మాత్రం బాగా ఎక్కువ.

గేర్‌బాక్స్ దింపిన రోజు మీరు షెడ్డులో ఉండండి, గాజువాక ఆటోనగర్ అయినా ఇంకెక్కడైనా. టార్చ్ వేసి ఫ్లైవీల్ చూడండి. నీలం, నలుపు మచ్చలు, జుట్టు మందాన సన్నటి పగుళ్ళు ఉంటే అది బాగా కాలిందన్నమాట. పాత ప్లేట్ చేత్తో పట్టుకుని రివెట్ తలల మీద గోరు పెట్టి చూడండి, లైనింగ్ రివెట్ల దాకా వచ్చేస్తే నిజంగానే అరిగింది, ఇంకా మందంగా ఉండీ జారిందంటే కెపాసిటీ చాలలేదు లేదా నూనె పడింది. బెల్ హౌసింగ్ (క్లచ్ చుట్టూ ఉండే డొప్ప) లోపల తడిగా ఉంటే క్రాంక్ వెనక సీలో ఇంకోటో కారుతున్నట్టే, ఆ లీకు ఆపకుండా ఎంత ఖరీదైన ప్లేట్ వేసినా మళ్ళీ జారుతుంది. రిలీజ్ బేరింగ్, దాన్ని నెట్టే స్లేవ్ సిలిండర్ కూడా అప్పుడే మార్పించెయ్యండి, మళ్ళీ గేర్‌బాక్స్ దింపే కూలి ఎందుకు దండగ. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (మధ్యలో స్ప్రింగులతో రెండు ముక్కలుగా ఉండేది) అయితే మామూలు దానిలా లేత్ మీద పెట్టి గీయించేద్దాం అంటే కుదరదు, ఆట ఎంతుందో చూసి మార్చడమే. సింగిల్ మాస్‌కి మారిస్తే ఐడిల్‌లో గేర్‌బాక్స్ గలగలమంటుంది, అది తెలిసే మార్చండి.

బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్ళు బండిని వారాల తరబడి కదపకుండా వదిలేస్తే ఉప్పు గాలికి ఫ్లైవీల్ తుప్పుపట్టి ప్లేట్ అంటుకుపోతుంది, వారానికోసారైనా తీసి తిప్పండి. కొత్త క్లచ్ వేశాక కిట్‌తో వచ్చిన కాగితంలో బెడ్డింగ్ (కొత్త ప్లేట్ కాస్త అరిగి సరిగ్గా కూర్చోవడం) ఎన్ని కిలోమీటర్లు రాశాడో అంతా సిటీలోనే నెమ్మదిగా గేర్లు మార్చుకుంటూ తిప్పండి, ఫుల్ బూస్ట్ వద్దు, హైవే మీద టాప్ గేర్లో పోయిన కిలోమీటర్లు లెక్కలోకి రావు, ఎందుకంటే అక్కడ క్లచ్ వాడిందే లేదు. అరకు ప్లాన్ ఉంటే బెడ్డింగ్ పూర్తయ్యాకే పెట్టుకోండి.