గుంటూరు నుంచి బెజవాడకు 64 నిమిషాలు

మంగళ, శుక్రవారాల్లో మధ్యాహ్నం రైలెక్కి విజయవాడ వెళతాను. సత్యనారాయణపురంలో ఒక మేడ మీది గదిలో ఆరుగురు పిల్లలకు కీబోర్డు నేర్పుతాను. రైలు సవ్యంగా నడిస్తే గంట ప్రయాణం. కృష్ణా కెనాల్ స్టేషన్ దగ్గర ఆపేస్తే ఇక దాని దయ. మార్చి నెలలో అయితే మిర్చి యార్డు నుంచి వచ్చి ఎక్కినవాళ్ళ బట్టల ఘాటుకు పెట్టె మొత్తం తుమ్ముతూ ఉంటుంది. మావారు ఆ యార్డులోనే ఒక కొట్టులో గుమస్తా కాబట్టి నాకు తుమ్ములు రావు.

నెల రోజులుగా ఈ ప్రయాణంలో ఒకే ఆల్బమ్ వింటున్నాను. న్యూ ఆర్డర్ అనే మాంచెస్టర్ బృందం 2015 సెప్టెంబరులో విడుదల చేసిన ‘మ్యూజిక్ కంప్లీట్’. మొత్తం 11 పాటలు, 64 నిమిషాలు. గుంటూరులో మొదలుపెడితే నా స్టేషను వచ్చేసరికి సరిపోతుంది.

దీన్ని నాకు అంటించింది ఇంటర్ చదివే ఒక శిష్యుడు. ఒకరోజు ఫోనులో అదే బృందం 1983లో చేసిన ‘బ్లూ మండే’ వినిపించి, “మేడమ్, ఈ ట్యూను తాళంలోంచి పక్కకు జారుతోంది. నేనే తప్పు వింటున్నానా?” అని అడిగాడు. వాడు తప్పు వినలేదు. ఆ పాటలో సింథసైజర్ రాగం నిజంగానే డ్రమ్ము లెక్కకు కాస్త పక్కగా నడుస్తుంది. ఎందుకో వెతికితే కథ దొరికింది. ఆ స్వరాలను సీక్వెన్సర్ అనే, ఎక్కించిన స్వరాలను తానే వాయించే యంత్రానికి ఎక్కించే పని కీబోర్డు వాయించే గిలియన్ గిల్బర్ట్‌ది. కాగితాలన్నీ టేపుతో అతికించి, గది పొడవునా పరిచి, అల్లిక నమూనాలా స్వరాలు రాసుకుందట. ఆ రాతలో ఒక్క స్వరం జారిపోయింది. రాగం పక్కకు తప్పుకుంది. అలాగే ఉంచేశారు. కోట్లమంది ఆ జారుడు మీదే డాన్సు చేశారు.

నాకు ఆవిడ అక్కడే నచ్చేసింది. ఆర్కెస్ట్రాలో వాయించే రోజుల్లో నేను కూడా బిట్లన్నీ, అంటే పాటలో చరణాల మధ్య వచ్చే వాద్య భాగాలన్నీ, సరిగమల్లో లాంగ్ నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని. రెండో చరణం ముందు బిట్టులో ఒక గాంధారం మరిచిపోయి, కల్యాణమండపంలో నాలుగువందల మంది ఎదుట ఫ్లూటు ఆయన చేత ఉరిమి చూపించుకున్న రోజు ఉంది. ఆయన దాన్ని అలాగే ఉంచేద్దాం అనలేదు.

1990లో గుంటూరులో ఒక ఆర్కెస్ట్రాలో చేరాను. పెళ్ళి రిసెప్షన్లు, శ్రీరామనవమి పందిళ్ళు, చవితి రాత్రులు. స్టేజీ ఎక్కగానే ఎవరో ఒకరు వచ్చి “అమ్మా, మీరు ఏ పాట పాడతారు?” అని అడిగేవారు. పాడను, వాయిస్తాను అంటే జాలిగా చూసేవారు. గిల్బర్ట్ పాత ప్రదర్శనల వీడియోలు చూడండి. మిగిలినవాళ్ళు ఊగుతూ ఉంటే ఆవిడ కీబోర్డుల వెనక, మొహంలో ఏ భావమూ లేకుండా, బ్యాంకులో లెక్క సరిచూస్తున్న మనిషిలా నిలబడి ఉంటుంది. ఆ మొహం నాకు తెలుసు. వేళ్ళు లెక్కలో ఉన్నప్పుడు మొహానికి పని ఉండదు.

1980 మే నెలలో వీళ్ళ పాత బృందం జాయ్ డివిజన్ గాయకుడు ఇయన్ కర్టిస్ ఆత్మహత్య చేసుకున్నాక, మిగిలిన ముగ్గురు, అంటే బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్, స్టీఫెన్ మోరిస్, కొత్త పేరుతో న్యూ ఆర్డర్‌గా మొదలయ్యారు. ఆ ఏడాదే గిల్బర్ట్ నాలుగో మనిషిగా చేరింది. తరువాత మోరిస్‌ను పెళ్ళి చేసుకుంది. 2001లో బిడ్డ అనారోగ్యం వల్ల బృందాన్ని వదిలి ఇంట్లో ఉండిపోయింది. భర్త మాత్రం డ్రమ్ముల దగ్గరే కొనసాగాడు. ఈ మాట నేను నిష్ఠూరంగా అనడం లేదు. అని ఉండవచ్చు కూడా.

మా అత్తగారికి పక్షవాతం వచ్చింది 2003లో. నేను కీబోర్డు మీద దుప్పటి కప్పాను. తీసింది 2014లో.

గిల్బర్ట్ తిరిగి స్టేజీ ఎక్కింది 2011లో. ఆలోగా 2007లో హుక్ వెళ్ళిపోయాడు. అతని బేసు వినగానే గుర్తుపట్టేది. బేసు గిటారు అడుగున ఉండి మోయాలి కదా, అతను మాత్రం పై స్థాయికి ఎక్కి రాగం తీసేవాడు. 2005లో వచ్చిన ఆల్బమ్‌లో హుక్ ఉన్నాడు, గిల్బర్ట్ లేదు. ‘మ్యూజిక్ కంప్లీట్’లో గిల్బర్ట్ ఉంది, హుక్ లేడు. రెండూ వెంటవెంటనే వినండి. మొదటిదాని నిండా గిటార్లు. రెండోదాంట్లో సింథసైజర్లు కిటికీలన్నీ తెరిచినట్టు వస్తాయి. సమ్నర్ కూడా సింథ్ వాయిస్తాడు, యంత్రాల పిచ్చి మోరిస్‌కూ ఉంది, కాబట్టి ఫలానా బిట్టు ఆవిడదే అని వేలు పెట్టి చూపను. కానీ వంటింట్లోకి పాత మనిషి తిరిగి వచ్చిందని చారు వాసన చెప్పదా?

బేసు దగ్గర కొత్తగా టామ్ చాప్‌మన్ ఉన్నాడు. మొదటి పాట ‘రెస్ట్‌లెస్’లో హుక్ ఛాయ వినిపిస్తుంది. అది అభిమానులకు పెట్టిన తాంబూలం అనుకున్నాను. ‘సింగ్యులారిటీ’ నంబూరు దాటేలోపు మొదలవుతుంది. దాని నిర్మాత కెమికల్ బ్రదర్స్ అనే ఇంగ్లీషు ఎలక్ట్రానిక్ సంగీత ద్వయంలోని టామ్ రోలండ్స్. తరువాతి ‘ప్లాస్టిక్’ ఆల్బమ్‌కు నడుము. సీక్వెన్సర్ ఒకే పలుకును తిప్పి తిప్పి కొడుతూ ఉంటే దాని మీద మిగతా స్వరాలు ఒక్కొక్కటిగా పాకుతాయి. ఏడు నిమిషాలకు కొద్దిగా తక్కువ, ఒక్క క్షణం కూడా ఎక్కువ అనిపించదు. ‘టుటీ ఫ్రూటీ’లో ఇటాలియన్ యాసలో ఒక మగగొంతు మాట్లాడుతుంది, లా రూ పేరుతో పాడే బ్రిటిష్ గాయని ఎలీ జాక్సన్ గొంతు కలుపుతుంది. అరవైకి చేరువైన వాళ్ళు చేసిన పాటలా లేదు. తుంటరిగా ఉంది.

‘స్ట్రే డాగ్’ మాత్రం దాటేస్తాను. అందులో మాట్లాడే అమెరికన్ రాక్ గాయకుడు ఇగ్గీ పాప్ గొంతు గంభీరమే, కానీ ఆరు నిమిషాలు ఎవరో చెవిలో ఉపన్యాసం చెబుతున్నట్టుంటే సరిగ్గా అప్పుడే మంగళగిరిలో పల్లీల అబ్బాయి ఎక్కుతాడు, వాడే నయం. తరువాత ‘అకడమిక్’. చెప్పుకోదగ్గ విశేషాలేమీ లేని మామూలు పాట. నాకు అన్నిటికంటే ఇష్టం. సాహిత్యం అంటారా, సమ్నర్ మాటలు అచ్చులో చూస్తే తేలిపోతాయి. పాడితే నిలబడతాయి. చివరి ‘సూపర్‌హీటెడ్’లో కిల్లర్స్ అనే అమెరికన్ బృందపు గాయకుడు బ్రాండన్ ఫ్లవర్స్ పాడుతూ ఉండగా రైలు కృష్ణ మీదికి వస్తుంది.

నేను 2014లో తిరిగి వచ్చేసరికి ఆర్కెస్ట్రాలో నా కుర్చీ ఉంది, పని లేదు. అందరూ ట్రాక్ మీద పాడుతున్నారు. ల్యాప్‌టాప్‌లో నొక్కితే వయొలిన్లు, ఫ్లూటు, తబలా, నా బిట్లు, అన్నీ వచ్చేస్తాయి. “అక్కా, మీరు ఊరికే చేతులు పెట్టి కూర్చోండి, చూడటానికి నిండుగా ఉంటుంది,” అన్నాడు ఇప్పుడు ఆర్కెస్ట్రా నడిపే అబ్బాయి. గౌరవంగానే అన్నాడు. నాలుగు ప్రోగ్రాములు అలా నిండుగా కూర్చుని మానేసి, పాఠాలు మొదలుపెట్టాను.

యంత్రం మీద కోపంతో ఈ ఆల్బమ్ దగ్గరికి రాలేదు. న్యూ ఆర్డర్ వాళ్ళు నలభై ఏళ్ళుగా యంత్రాలతోనే కాపురం చేస్తున్నారు. అయితే యంత్రం వాయిస్తున్నది వీళ్ళు వింటూ, దానికి మీదో కిందో, ముందో వెనకో తమ వేళ్ళు కలుపుతారు. ‘ప్లాస్టిక్’లో సీక్వెన్సర్ గుడ్డిగా పరుగెత్తుతుంటే పక్కన మనిషి డ్రమ్ము, మనిషి బేసు. ఎవరూ ఊరికే కూర్చోలేదు.

మొన్న ఆ అబ్బాయే ఫోను చేశాడు. బ్రాడీపేటలో రిసెప్షను, కీబోర్డు ఆయనకు జ్వరం, ఒక్క పూట వచ్చి కూర్చోమన్నాడు. వస్తాను, కానీ మూడో పాటలో రెండో బిట్టు ట్రాక్‌లోంచి తీసెయ్యి అన్నాను. “పాడు చేసుకుంటామేమో అక్కా,” అన్నాడు. తీసెయ్యమన్నాను. ఎనిమిది అక్షరాల, అంటే తాళంలో ఎనిమిది లెక్కల బిట్టు. నోట్‌బుక్కులో రాసుకోలేదు, చేతులకు గుర్తుంది. ఆ చోటికి రాగానే ల్యాప్‌టాప్ మూగబోయింది, నేను పావు అక్షరం ఆలస్యంగా ఎత్తుకున్నాను.

గాయని మైకు దించి వెనక్కి తిరిగి చూసింది.