వాటాల చెరువు

పశ్చిమ బెంగాల్‌లోని బర్ధమాన్‌లో బస్సెక్కి, కృషక్ సేతు మీదుగా దామోదర్ నది దాటితే రాయ్‌నా వైపు వరిచేలు మొదలవుతాయి. గోవిందభోగ్ బియ్యం పండే నేల ఇది. 2017లో ఆ బియ్యానికి జీఐ (భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. నవంబరు చివర్లో మేం వెళ్ళేసరికి కోతలు జోరుగా సాగుతున్నాయి. హైదరాబాదులో నాతో పనిచేసే మిత్రుడి సొంతూరు అక్కడే. వాళ్ళ అమ్మానాన్నలని నేను కాకీమా, కాకూ అని పిలిచాను. మా మాటలన్నీ మిత్రుడి నోటి మీదుగానే నడిచాయి.

మాది భీమవరం దగ్గర పల్లె. నా చిన్నప్పుడు వరి పండిన చేలు చాలావరకు ఇప్పుడు చేపల చెరువులు. వాటిలో పట్టిన బొచ్చె, శీలావతి ఐసు మధ్య లారీలెక్కి హౌరా పోతాయని ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్నాను. ఆ చేపలు తినేవాళ్ళ ఊళ్ళో చెరువెలా ఉంటుందో చూడాలని నా కోరిక.

ఆ ఊళ్ళో నాలుగిళ్ళకో చెరువు. పూర్వం ఇంటి గోడలకీ అరుగులకీ మట్టి తవ్విన గుంటలే చాలావరకు ఇలా చెరువులయ్యాయట. ఇప్పటికీ రెండంతస్తుల మట్టి ఇళ్ళు కొన్ని నిలబడి ఉన్నాయి. మా మిత్రుడి వాళ్ళ చెరువుకి తాటిమొద్దులు పరిచిన రేవు ఉంది. పొద్దున్నే ఒక పక్క స్నానాలు, ఇంకో పక్క బూడిదతో అంట్లు తోముకోవడం. ఊరి కబుర్లన్నీ అక్కడే తెలుస్తాయి. తాగడానికి మాత్రం బోరింగు నీళ్ళు. సాయంత్రం కాకీమా గట్టు మీద నిలబడి "చొయ్ చొయ్ చొయ్" అని పిలిస్తే బాతులన్నీ ఈదుకుంటూ ఒడ్డుకొచ్చేస్తాయి. వేసవిలో నీరు తగ్గితే అడుగు మట్టి తీసి పొలానికి తోలుకుంటారు.

నన్ను కదిలించింది మాత్రం చేపలు పట్టిన రోజు. తాతలనాటి ఆ చెరువు అన్నదమ్ముల పిల్లలందరిదీ. పంపకాల్లో పొలం ముక్కలైంది, చెరువు మాత్రం ఉమ్మడిగానే ఉండిపోయింది. వల లాగగానే గట్టు మీదే కాటా పెట్టి వాటాల ప్రకారం తూచారు. వల లాగినవాళ్ళ భాగం ముందే పక్కన పెట్టేశారు. ఒక ముసలావిడ వాటా చాలా చిన్నది. అందరికంటే ముందు ఆవిడ చేపే ఇంటికి పంపించారు. ఎవరూ చెప్పకుండానే ఒక కుర్రాడు తీసుకుని పరుగెత్తాడు. మా ఊళ్ళో చెరువంటే కంచె, కాపలా, మేత ఖర్చు, లోడు రేటు. గట్టు మీదికి పొరుగువాడు వస్తే అనుమానం. అందుకే ఆ కాటా దగ్గర నుంచి కదల్లేకపోయాను.

ఆ మధ్యాహ్నం ఆవపిండి ముద్ద వేసి శీలావతి పులుసు, గసగసాలతో బంగాళాదుంప కూర. బజారులో దొరికే ఆంధ్రా చేపకి ఈ రుచి రాదని కాకీమా మొహమాటం లేకుండా చెప్పింది. ఆవిడ మాట నిజమే. తవుడూ చెక్కా మేపి త్వరగా పెంచే చేపకీ, బాతుల మధ్య నెమ్మదిగా పెరిగిన చేపకీ తేడా నాకూ తెలిసింది.

ఇంత వాసన బియ్యం పండించీ రోజూ తినేది మాత్రం ఉప్పుడు బియ్యమే. గోవిందభోగ్ పాయసానికీ నైవేద్యానికీ కొంత ఉంచుకుని మిగిలింది అమ్మేస్తారు. ధాన్యం ఉడకబెట్టడం, ఎండబోయడం, వేడి ఇసుకలో మరమరాలు వేయించడం అన్నీ ఆడవాళ్ళ పనే. పొద్దున టీతో ఆ మరమరాలే టిఫిను. ఇంత చాకిరీని పంట ఖర్చులో ఎవరూ లెక్కెయ్యరు. వెయ్యాలి.

కోత అయిన చేలో అప్పుడే బంగాళాదుంపకి దుక్కి మొదలైంది. విత్తనం పంజాబు నుంచి వస్తుంది, ఖరీదెక్కువ. ఫిబ్రవరి, మార్చిల్లో తవ్వి కోల్డ్ స్టోరేజిలో పెడితే బాండు అని ఒక కాగితం ఇస్తారు. సరుకు లోపలే ఉండగా ఆ కాగితం చేతులు మారుతూ ఉంటుంది. ధర పడిపోయిన ఏడాది అద్దె కట్టి దుంప బయటికి తెచ్చుకోవడం కూడా దండగేనని కాకూ అన్నాడు. వరి కంటే దుంపతోనే ఆయనకి ఎక్కువ టెన్షన్.

బయల్దేరే ముందు రోజు రాత్రి ఆయన మా చెరువుల సంగతి విడిచిపెట్టకుండా అడిగాడు. మళ్ళీ వరి వేసుకోవచ్చా అన్నాడు. ఉప్పునీటి రొయ్యల చెరువైతే కష్టం, చేపల చెరువైతే గట్లు చదును చేసుకుని వేసుకోవచ్చు, కానీ వరికిచ్చే కౌలు కంటే చెరువు కౌలు చాలా ఎక్కువని చెప్పాను. కాకూ కాసేపు ఆలోచించి, అంత కౌలు ఇస్తానని ఇక్కడికెవరైనా వస్తే మా వాళ్ళలో సగం మంది ఒప్పేసుకుంటారు అన్నాడు. అలా ఎవరూ రాకూడదని ఆయన ముందే అనేశాను.