కుడి స్టీరింగు, ఎడమ చేతి గేరు

2023 అక్టోబరులో గుంటూరులో పెళ్లి చూసుకుని సియాటెల్ తిరిగొస్తూ టోక్యోలో మూడు రోజులు ఆగాను. ఇంట్లో అందరికీ గుళ్లు చూస్తానని, బుల్లెట్ రైలెక్కుతానని చెప్పాను. అసలు సంగతి మా ఆవిడకొక్కదానికే తెలుసు. అప్పటికే టోక్యో పక్కనున్న చీబాలో ఒక యార్డులో 1995 నాటి నిస్సాన్ స్కైలైన్ నా కోసం ఎదురుచూస్తోంది.

అందరూ పడిచచ్చే జీటీ-ఆర్ కాదులెండి, దాని ధర వింటే ఇల్లమ్ముకోవాలి. ఇది దాని తమ్ముడు, ఆర్33 జీటీఎస్25టీ. రెండున్నర లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో ఇంజను, 250 హార్స్‌పవర్, మాన్యువల్ గేర్లు. వేలంలో ఏజెంటు చేత 22 లక్షల యెన్‌లకు కొనిపించాను, అప్పట్లో డాలరుకు దాదాపు 150 యెన్‌లు వస్తుండటం కలిసొచ్చింది. కొనేటప్పుడు నా చేతిలో ఉన్నదల్లా ఆక్షన్ షీటు ఒక్కటే. కారు బొమ్మ గీసి, గీత పడినచోట ఏ, సొట్ట పడినచోట యూ, తుప్పుంటే ఎస్, పక్కన ఎంత పెద్దదో అంకె వేస్తారు. నా కారుకి గ్రేడు 3.5, లోపలి భాగానికి సీ, అంటే రెండూ ఓ మోస్తరే. జాతకం చూసి తాళి కట్టేసి, తర్వాత పెళ్లిచూపులకు వెళ్లినట్టయింది నా పని.

ఏజెంటు శ్రీలంక ఆయన, ఇరవై ఏళ్లుగా అక్కడే ఉంటున్నాడట. ముందు అన్నం, పప్పు పెట్టి, తర్వాతే కారు దగ్గరికి తీసుకెళ్లాడు. ఇంత మంచి బండిని ఎవరు వదులుకుంటారండీ అంటే నవ్వి, "షాకెన్" అన్నాడు. అక్కడ రెండేళ్లకోసారి కారుకి ఆ తనిఖీ చేయించుకోవాలి, పాత బండయితే రిపేర్లతో కలిపి బిల్లు వాచిపోతుంది, ఆ ఖర్చు పెట్టే బదులు అమ్మేసుకుంటారు. కారుని జాకీల మీద లేపి కింద టార్చి వేసి చూపించాడు. షీటులో చిన్న ఎస్ ఉన్నచోట తుప్పు కొంచెం పెద్దదే. ఏం మాట్లాడతాం, తాళి కట్టేశాం కదా.

రిజిస్ట్రేషన్ రద్దయింది కాబట్టి రోడ్డెక్కించడానికి లేదు. యార్డులోనే కూర్చుని ఒకసారి స్టార్ట్ చేశాను. అమెరికా వచ్చి పన్నెండేళ్లు, కుడి సీట్లో కూర్చుని స్టీరింగు పట్టుకోవడం మళ్లీ అప్పుడే. కుడి చెయ్యి గేరు కోసం వెళ్లి తలుపుకి కొట్టుకుంది.

ఆ రాత్రి ఆయనే తన వ్యానులో దైకొకు పార్కింగ్ ఏరియాకి తీసుకెళ్లాడు. యొకోహామా బే బ్రిడ్జి దగ్గర ర్యాంపు మురుకు చుట్టలా తిరుగుతూ కిందికి దిగుతుంది. అక్కడికి నడిచి వెళ్లడానికి వీల్లేదు, ఎక్స్‌ప్రెస్‌వే మీద బండిలో రావాల్సిందే. నిజానికి అది హైవే పక్కన టీ, టాయిలెట్ల కోసం ఆగే చోటు, అంతకుమించి ఏమీ కాదు. కానీ ఆ రాత్రి నేను ఫొటోల్లో మాత్రమే చూసిన కార్లన్నీ వరసగా నిలబడి ఉన్నాయి, వాటి ఓనర్లు మెషీన్లో కొన్న వేడి కాఫీ డబ్బాలు పట్టుకుని మెల్లగా మాట్లాడుకుంటున్నారు, మన దగ్గరైతే ఈ పాటికి నాలుగు హారన్లు, రెండు గొడవలు అయ్యుండేవి. తొమ్మిది దాటాక పోలీసులు మైకులో మూసేస్తున్నామన్నారు, కార్లు ఒక్కొక్కటే సద్దు లేకుండా వెళ్లిపోయాయి. వెళ్తూ వెళ్తూ ఏజెంటు చీకట్లోకి చెయ్యి చూపించి, "నీ కారు ఎక్కేది ఆ రేవులోనే" అన్నాడు. దైకొకు రేవు, కార్లు మోసే ఓడలు ఆగే చోటు.

ఇక కాగితాలు. అమెరికా 1988లో చట్టం చేసి, తన ప్రమాణాలకు కట్టని ఇలాంటి విదేశీ కార్లకు తలుపులు దాదాపు మూసేసింది, 25 ఏళ్లు నిండితే మాత్రం భద్రతా ప్రమాణాల పేచీ ఉండదు. పొగ విషయంలో అయితే 21 ఏళ్లు చాలు. భద్రతకి హెచ్ఎస్-7 అని ఒక ఫారం, పొగకి 3520-1 అని ఇంకొకటి, అప్పట్లో రెండున్నర శాతం సుంకం. జపాను వాళ్ల సర్టిఫికెట్‌లో 1995 అని ఉండదు, హెయిసెయి 7 అని ఉంటుంది, మన శక సంవత్సరంలాగా లెక్క కట్టుకోవాలి. అసలు టెన్షన్ ఇన్సూరెన్సుతో. వాళ్ల ఫారంలో 17 అక్షరాల ఛాసిస్ నంబరు కావాలి, నా కారుకున్నది ఈసీఆర్33 తర్వాత ఆరంకెలు, అంతే. "మిగతావి ఎక్కడ సార్?" అని ముగ్గురు అడిగారు. నాలుగో ఆవిడ మాత్రం ఏమీ అడక్కుండా పది నిమిషాల్లో పని పూర్తిచేసింది.

విజయవాడ నుంచి మా బావమరిది ఫోను: "బావా, ఇక్కడికి పంపు, మనకి స్టీరింగు కరెక్టుగా సరిపోద్ది." సరిపోద్ది నిజమే. కానీ మన దేశంలోకి మూడేళ్లు దాటిన సెకండ్‌హ్యాండ్ కారు రానివ్వరు. స్టీరింగు సరిపోయే దేశం వద్దంటుంది, సరిపోని దేశం ముసలిదైతేనే రమ్మంటుంది. ఏం లెక్కో!

డిసెంబరులో ఓడ సియాటెల్ దగ్గరి టకోమా రేవు చేరింది. ఓడ సముద్రం మీదున్న రెండు వారాలూ ఫోనులో మ్యాపు మీద దాని చుక్కని చూస్తూ గడిపాను, పసిఫిక్ మధ్యలో అది మాయమైపోతే ఒక రాత్రి నిద్ర పట్టలేదు. పోర్టులోకి మనం ఊరికే వెళ్లలేం, ప్రత్యేకమైన కార్డున్నవాళ్లు వెంట ఉండి తీసుకెళ్లాలి. వాన. మబ్బుల వెనక ఎక్కడో రెయినియర్ కొండ. కారు బ్యాటరీ చచ్చిపోయి ఉంది, ఊహించిందే, జంప్ స్టార్టరు తెచ్చుకున్నాను. ఊహించనిది, గేర్ రాడ్డు మీద గుండు లేదు. దారిలో ఎవరో విప్పుకుపోయారు! కర్చీఫు చుట్టాను.

తాళం తిప్పగానే డాష్‌బోర్డు లోంచి ఒకావిడ జపనీసులో చాలా మర్యాదగా ఏదో చెప్పింది. మా ఆవిడ ఎగిరిపడింది. అది టోల్ బాక్సని, అందులో కార్డు పెట్టలేదని చెబుతోందని తర్వాత తెలిసింది.

వెనక అద్దానికి మూడు రోజుల ట్రిప్ పర్మిట్ అతికించి బాతెల్‌లో మా ఇంటికి బయల్దేరాం, నలభై మైళ్లకు పైనే. మొదటి మలుపులో ఇండికేటర్ అనుకుని వైపర్లు వేశాను, ఎలాగూ వాన పడుతోంది కాబట్టి పరువు దక్కింది. తర్వాత ఏదో జరిగింది. ఎడమ చెయ్యి దానంతటదే రెండో గేరు, మూడో గేరు వేసుకుపోతోంది. తెనాలి రోడ్డు మీద నాన్న మారుతీ 800లో నేర్చుకున్న పని, నేను మర్చిపోయాను గానీ చెయ్యి మర్చిపోలేదు. స్పీడోమీటరు కూడా కిలోమీటర్లలోనే.

చెయ్యికి బానే ఉంది, కంటికే కష్టం. ఐ-5 హైవే మీదకి ఎక్కాలంటే ఎడమవైపు వచ్చేవి నాకు కనపడవు. మా ఆవిడ అద్దం దించి, వానలో తల బయటపెట్టి, లారీ క్లీనర్‌లా "పోనీ, పోనీ... ఆపండి! ఆపండి! ఆ, ఇప్పుడు పోనీ" అంటూ రెంటన్ దాకా తీసుకొచ్చింది. దారిలో కాఫీ డ్రైవ్-త్రూ కిటికీ కూడా ఆవిడ వైపే వచ్చింది. లోపలి అమ్మాయి డ్రైవరు ఎక్కడా అని వెతుక్కుంటుంటే, మా ఆవిడ ఖాళీ చేతులు పైకెత్తి చూపించింది.

రేడియో పాత జపాను పద్ధతిది, 90 దాటి పైకి పోదు. మా ఊళ్లో దానికి దొరికింది 88.5, జాజ్ స్టేషను. నాకు జాజ్ తెలియదు. ఇప్పుడు వింటున్నాను.

గుండు కొత్తది కొన్నాను. కాలిఫోర్నియాలో ఉన్న స్నేహితుడు నాకూ ఒకటి తెప్పించు అంటున్నాడు, అక్కడి పొగ నిబంధనలకి ఎంత వదులుతుందో చెప్పాక మళ్లీ ఫోను చెయ్యలేదు. టోల్ బాక్సు మాత్రం పీకలేదు. రోజూ పొద్దున తాళం తిప్పగానే అందులోని ఆవిడ కార్డు లేదని చెబుతుంది, పక్క సీట్లోంచి మా ఆవిడ, "పెట్టలేదు తల్లీ, పెట్టం" అంటుంది.