ముందు మీ కారు పోనివ్వండి అన్నయ్యా

కారు కొనేటప్పుడు నేను చేసిన తెలివితక్కువ పనుల్లో మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిచూపేది ఒకటుంది: నావిగేషన్ కోసం టాప్ మోడల్ తీసుకోవడం. 2016 ఆగస్టు సంగతి. కింది మోడల్‌కీ దానికీ 65 వేలు తేడా, అందులో నాకు పనికొచ్చేది ఆ మ్యాపు ఒక్కటే, అయినా షోరూమ్ కుర్రాడు స్క్రీన్ మీద చార్మినార్‌ని త్రీడీలో గిర్రున తిప్పి చూపించేసరికి పడిపోయాను. అక్టోబరులో దసరా నాటికి తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31 అయిపోయాయి. అంటే రెండు నెలలకే నా మ్యాపు పాతబడింది.

ఆ మ్యాపంతా ఒక ఎస్‌డీ కార్డులో ఉంటుంది. అప్‌డేట్ చేయించాలంటే సర్వీస్ సెంటర్‌లో ఆరు వేలు అడుగుతారు. 2018లో ఒకసారి కట్టి, ఇక చాలు బాబూ అని ఊరుకున్నాను. అందుకే దాని లెక్కలో పాడేరు ఇంకా విశాఖ జిల్లాలోనే ఉంది. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చిన సంగతి కూడా దానికి తెలీదు, ఎక్కినప్పుడల్లా మా కారు చెరువులో ఈదుకుంటూ పోతున్నట్టు చూపిస్తుంది. పిల్లలకి అదో సరదా.

మా తోడల్లుడు నా తర్వాత ఏడాది కొన్నాడు. మధ్య మోడల్. మ్యాపు లేదు గానీ, వైరు పెడితే ఫోన్‌లోని గూగుల్ మ్యాప్స్ ఆండ్రాయిడ్ ఆటోలో కారు స్క్రీన్ మీదికి వచ్చేస్తుంది, పైసా ఖర్చు లేకుండా. అత్తగారింట్లో ఇద్దరు అల్లుళ్ల కార్లూ పక్కపక్కన పెట్టినప్పుడు అది నాకు కాస్త గుచ్చుకునే మాట నిజం.

మొన్న సంక్రాంతికి రెండు కార్లలో హైదరాబాద్ నుంచి తుని బయలుదేరాం. భోగి ముందు రోజు విజయవాడ హైవే ఎలా ఉంటుందో ఆ దారిన వెళ్లేవాళ్లకి చెప్పక్కర్లేదు. అతని ఫోన్ ఔటర్ మీద ఉండగానే పంతంగి టోల్‌గేట్ ముందు ఎర్ర గీత చూపించి, ఘట్‌కేసర్ దగ్గర దిగి భువనగిరి, వలిగొండ, రామన్నపేట మీదుగా చిట్యాల వెళ్లి హైవే ఎక్కమంది. నా కారు నిమ్మకు నీరెత్తినట్టు తిన్నగా పొమ్మంది. మరి నా ఫోన్ ఏదంటే, వెనక సీట్లో పిల్లల చేతిలో ఉంది, కార్టూన్లు నడుస్తున్నాయి. ఫోన్‌తో వచ్చిన చిక్కే అది, దారి చూపించేదీ అదే, పిల్లల్ని కూర్చోబెట్టేదీ అదే. నేను పంతంగి దగ్గర గంటన్నర నిలబడి ఉంటే, సూర్యాపేటలో ఇడ్లీ తింటున్న ఫొటో వచ్చింది.

ట్రాఫిక్ విషయంలో ఎస్‌డీ కార్డుకి గెలిచే దారే లేదు. రోడ్డు మీదున్న వేల ఫోన్లు ఎంత వేగంతో కదులుతున్నాయో చూసి ఎర్ర గీత గీస్తారు, ఆ సమాచారం నిమిషనిమిషానికీ నెట్‌లోంచి రావాలి, కార్డు ఎక్కణ్ణుంచి తెస్తుంది? కాకపోతే ఒకే అడ్డదారి అందరికీ చెబితే కాసేపటికి అదీ ఎర్రబడుతుంది, అది వేరే సంగతి.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ఆగి, ముక్కనుమ తెల్లవారుజామున మూడింటికి లంబసింగి బయలుదేరాం. తుని నుంచి నర్సీపట్నం, అక్కణ్ణుంచి ఘాట్ ఎక్కాలి. మా మావయ్యగారు నా కార్లో కూర్చోలేదు, చిన్నల్లుడి కారులో తెలుగులో మాట్లాడే ఫోన్ ఉందని అందులో ఎక్కారు. అది మొదట్లోనే "ఈశాన్యం వైపు వెళ్లండి" అందట. "ఇంట్లో ఈశాన్యం ఎక్కడో తెలుసు గానీ, రోడ్డు మీద ఎక్కడ వెతకమంటుందయ్యా" అన్నారట ఆయన.

లంబసింగి పొగమంచు చూసి, చింతపల్లిలో టీ తాగి, జి.మాడుగుల, పాడేరు మీదుగా అరకు పోదామనుకున్నాం. టీ కొట్టు దగ్గర ఎవరో ఫొటోల కోసం మా తోడల్లుడి ఫోన్ లాక్కోవడం, అందులో నడుస్తున్న రూటు పోవడం, మళ్లీ కొడదామంటే సిగ్నల్ లేకపోవడం, అంతా అయిదు నిమిషాల్లో జరిగిపోయింది. స్క్రీన్ మీద గడుల కాగితం లాంటి బూడిద రంగు, మధ్యలో నీలం చుక్క. చుట్టూ ఊరూ లేదు, రోడ్డూ లేదు.

"నెట్ లేదు కదా, జీపీఎస్ పోయింది" అన్నాడు అతను. చాలామంది ఇలాగే అనుకుంటారు. జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు. 20 వేల కిలోమీటర్ల పైన తిరిగే ఉపగ్రహాల సిగ్నల్ ఆకాశం కనిపించే ఎక్కడికైనా వస్తుంది, అందుకే చుక్క అలాగే ఉంది. పోయింది చుక్క కింద ఉండాల్సిన మ్యాపు. నా కారులో అది కార్డులోనే ఉంది కాబట్టి దిగులు లేకుండా జి.మాడుగుల దారి చూపించింది. పాత మ్యాపే, కానీ ఆ మలుపులు అంతకన్నా పాతవి. ఇంకోటి, ఇలాంటి కార్లలో చక్రాలు ఎన్ని చుట్లు తిరిగాయో, బండి ఎటు తిరిగిందో కూడా లెక్కేస్తారు, ఉపగ్రహం కాసేపు దొరక్కపోయినా బండి ఎక్కడుందో చెప్పగలవు. 1981లో జపాన్‌లో హోండా పెట్టిన మొట్టమొదటి కారు మ్యాపులో అసలు ఉపగ్రహమే లేదు. బండి ఎటు తిరిగిందో కొలిచే గైరోస్కోపు లెక్క, స్క్రీన్ ముందు పారదర్శకమైన ఫిల్మ్ మీద అచ్చేసిన మ్యాపు, అంతే.

ఆ పొగమంచులో అరకు దాకా అతను నా వెనక లైట్లు పట్టుకుని వచ్చాడు. పంతంగి బాకీ తీరిపోయింది.

విడిగా దొరికే జీపీఎస్ డబ్బాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, వాటి కాలం అయిపోయింది. 2009లో డల్లాస్‌లో మా అక్కావాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు అద్దానికి గార్మిన్ అతికించి ఉండేది, కారు ఆపగానే అది తీసి దాచడం, అద్దం మీద పడ్డ గుండ్రటి మరక తుడవడం మా బావగారి డ్యూటీ. ఆ మరక చూస్తే లోపల డబ్బా ఉందని దొంగకి తెలిసిపోతుందట. ఇప్పుడు మన దగ్గర అదే అద్దానికి ఫోన్ అతికిస్తున్నాం, మే నెల ఎండకి అది కాలిపోయి ఆగిపోతే ఏసీ గాలికి పెట్టి సేద తీరుస్తున్నాం.

కారు మ్యాపూ, ఫోన్ మ్యాపూ రెండూ కలిసి చేతులెత్తేసే చోటొకటుంది, మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే. పదకొండున్నర కిలోమీటర్లు పైనొక రోడ్డు, కిందొక రోడ్డు. మ్యాపుకి రెండూ ఒకే గీత. ఎయిర్‌పోర్టుకి పోతూ పైన ఎక్కకుండా పొరపాటున కిందికి పోతే, లేని ర్యాంపు దిగమని చెబుతూనే ఉంటుంది. ఫ్లైఓవర్ ఎక్కాలో వద్దో ముందే చెప్పే సదుపాయం గూగుల్ 2024లో తెచ్చింది, కొంత నయం.

రాత్రిపూట తెలియని సన్నదారిలోకి తిరగమంటే మాత్రం నేను ఏ మ్యాపు మాటా వినను. ఆ 2024లోనే మేలో మన హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్ల కారు కేరళలో కొట్టాయం దగ్గర మ్యాపు చూసుకుంటూ పోయి వాగులో దిగింది, అదృష్టం కొద్దీ బయటపడ్డారు. నవంబరులో బరేలీ దగ్గర తెగిపోయిన వంతెన మీంచి రామగంగలో పడి ముగ్గురు పోయారు. కొత్త మ్యాపుకీ అన్నీ తెలీవు.

ఇప్పుడు ఎవరైనా అడిగితే, మ్యాపు కోసం టాప్ మోడల్ కొనొద్దనే చెబుతాను. ఫోన్ కలిసే స్క్రీన్ చాలు. ఊరు దాటేముందు ఇంట్లో వైఫై ఉండగానే గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్స్ నొక్కి, వెళ్లే ప్రాంతమంతా డౌన్‌లోడ్ చేసుకోండి, సిగ్నల్ లేకపోయినా కారు దారి చెబుతుంది, ట్రాఫిక్ ఒక్కటే చెప్పదు. రెండు నిమిషాల పని. ఇది మా తోడల్లుడికి నాలుగుసార్లు చెప్పాను. నిన్న ఫోన్ చేశాడు, వచ్చే నెల మారేడుమిల్లి పోదామని. డౌన్‌లోడ్ చేశావా అంటే, "ఎందుకన్నయ్యా, ఘాట్‌లో ముందు మీ కారు పోనివ్వండి" అన్నాడు.