అలారం బ్యాటరీని తినేది సైరన్ కాదు

కరెంటు పోయినా పనిచెయ్యడానికి అలారం ప్యానెల్‌కి, అంటే సెన్సర్లనీ సైరన్‌నీ నడిపే పెట్టెకి, ఏ బ్యాటరీ వెయ్యాలి అంటే చాలామంది ఆలోచించకుండా చెప్పే జవాబు 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఎన్ని యాంప్‌లు ఎన్ని గంటలు ఇవ్వగలదో చెప్పే కొలత). ఎందుకు 7 అంటే, ఆ పెట్టెలో అదే పడుతుంది కాబట్టి, అంతే. నాలుగు సెన్సర్లున్న చిన్న సిస్టమ్‌కి సరిపోవచ్చు కూడా. తర్వాత అదే ప్యానెల్‌కి ఇంకో కీప్యాడ్, జీఎస్ఎం డయలర్ (సిమ్‌తో ఫోన్ చేసి కబురు చెప్పేది), మరికొన్ని మోషన్ సెన్సర్లు తగిలిస్తూ పోతారు గానీ బ్యాటరీ జోలికి మాత్రం ఎవరూ వెళ్ళరు.

లెక్క పెద్దదేం కాదు. కరెంటు పోయి, సైరన్ మోగకుండా ఊరికే ఉన్నప్పుడు సిస్టమ్ మొత్తం ఎంత లాగుతుందో చూసి దాన్ని గంటలతో గుణించాలి. మోగుతున్నప్పుడు ఎంత లాగుతుందో అదీ అలాగే గుణించి, రెండూ కలిపి, పైన ఓ 20 శాతం వేసుకోవాలి. ఫైర్ అలారానికి ఎన్‌ఎఫ్‌పీఏ 72 అనే అమెరికా ప్రమాణం అడిగేది 24 గంటల స్టాండ్‌బై, ఆ తర్వాత 5 నిమిషాలు మోగడం. మాటల్లో హెచ్చరిక చెప్పే సిస్టమ్ అయితే 15 నిమిషాలు. దొంగల అలారం ఒక్కటే అయితే ఇంతకంటే తక్కువ గంటలతో సరిపెడతారు. కానీ ఒకే ప్యానెల్ రెండు పనులూ చేస్తుంటే ఫైర్ లెక్కే పట్టుకోవాలి, అందులో బేరం లేదు.

ఉదాహరణకి ప్యానెల్ 120 మిల్లీయాంప్‌లు, 8 మోషన్ సెన్సర్లు ఒక్కోటి 15 చొప్పున 120, రెండు కీప్యాడ్‌లు 80, డయలర్ 60 అనుకుందాం. స్మోక్ డిటెక్టర్లు ఊరికే ఉన్నప్పుడు లాగేది మైక్రోయాంప్‌లలోనే, పది పెట్టినా ఒక మిల్లీయాంప్‌కి అటూఇటూగా ఉంటుంది. మొత్తం 380. 24 గంటలకి 9.12 ఏహెచ్. ఇక సైరన్లు మోగేటప్పుడు అన్నీ కలిపి 1.5 యాంప్‌లు అనుకున్నా 5 నిమిషాలకి అయ్యేది 0.125 ఏహెచ్ మాత్రమే! కూడి 20 శాతం కలిపితే 11.1, అంటే 12 ఏహెచ్ బ్యాటరీ కావాలి. 7 ఏహెచ్ వేస్తే, అది కొత్తదైనా, కాగితం మీద కూడా 18 గంటలు దాటి ఎంతోసేపు రాదు.

అందరి కళ్ళూ సైరన్ మీదే ఉంటాయి, చప్పుడు చేసేది అదే కదా. బ్యాటరీని తినేది మాత్రం రాత్రంతా వెలుగుతూ ఉండే కీప్యాడ్ లైటు లాంటివి. రెండు కీప్యాడ్‌ల లైట్లు ఆపితే 40 మిల్లీయాంప్‌లు తగ్గాయనుకోండి, 24 గంటల్లో దాదాపు 1 ఏహెచ్ మిగిలినట్టే. రెండు సైరన్లు 5 నిమిషాలు మోగినా అందులో ఏడో వంతు కూడా ఖర్చు కాదు.

బ్యాటరీ మీద రాసిన 7 ఏహెచ్ కూడా 20 గంటల లెక్కలో చెప్పింది, అంటే 350 మిల్లీయాంప్‌ల చొప్పున తీసుకుంటేనే ఆ 7 వస్తుంది. 7 యాంప్‌లు ఒకేసారి లాగితే గంట కూడా రాదు. సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీకి వేడి అసలు పడదు, పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుంది, పైకప్పు కింద వేడెక్కే పెట్టెలో పెట్టి అయిదేళ్ళు వస్తుందనుకోవడం అత్యాశే.

అలాగని పెట్టెలో పట్టినంత పెద్ద బ్యాటరీ పెట్టేయడం కూడా కుదరదు. ప్యానెల్‌లోని ఛార్జర్ ఇచ్చేది కొన్ని వందల మిల్లీయాంప్‌లే, దాని మాన్యువల్‌లో గరిష్ఠంగా ఎన్ని ఏహెచ్ అని రాసి ఉంటుంది. అది దాటితే కరెంటు వచ్చాక ఛార్జ్ ఎక్కడానికి రోజులు పడుతుంది, ఈలోపు మళ్ళీ కరెంటు పోతే అంతే సంగతులు. లోడ్ అంతకు మించితే విడిగా పవర్ సప్లై పెట్టుకోవడమే మేలు. రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో కలిపితే 24 వోల్టులు వస్తాయి గానీ ఏహెచ్ పెరగదు, ఇది చాలామంది మర్చిపోతారు.

డేటాషీట్‌లు కూడినా సరే, ఒకసారి మెయిన్స్ ఆపి బ్యాటరీ వైరుకి సిరీస్‌లో మల్టీమీటర్ పెట్టి చూడండి. మెయిన్స్ ఉండగా చూస్తే కనబడేది ఛార్జింగ్ లెక్క. అలాగే లోడ్ లేకుండా 12.7 వోల్టులు చూపించినంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్టు కాదు, పాతబడ్డది సైరన్ మోగించగానే దబ్బున పడిపోతుంది. ఈ పరీక్షకి ముందు మీ అలారం సిగ్నల్ అందుకునే మానిటరింగ్ వాళ్ళకి ఫోన్ చేసి చెప్పండి, లేకపోతే ఫైరింజన్ వచ్చి గుమ్మం ముందు ఆగుతుంది.