బొటనవేలు పైకెత్తితే

మస్కట్‌కి వచ్చి మాకు పదమూడేళ్లు. మావాడికి పదకొండు నిండాయి. మొన్న శుక్రవారం మా డైవింగ్ క్లబ్‌తో కలిసి మస్కట్ దగ్గరి సముద్రతీరం బందర్ ఖైరాన్ వెళ్లాం. పగలు రెండు డైవ్‌లు, రాత్రికి సిఫా బీచ్‌లో టెంట్లు.

సముద్రం నాకు కొత్త కాదు, పుట్టింది భీమిలిలో. కానీ మా ఇంట్లో సముద్రమంటే ఒడ్డున నిలబడి చూసేది, కార్తీకమాసంలో మూడు మునకలు వేసి వచ్చేది. నీళ్లు మోకాలు దాటితే అమ్మ కేకలేసేది. ఆ నీళ్ల కిందికి కొడుకుని తీసుకెళ్తున్నానని ఆవిడకి ఇప్పటికీ బెంగే.

పదేళ్లు నిండిన పిల్లలకు స్కూబా, అంటే గాలి సిలిండర్‌తో నీళ్లలో మునగడం, నేర్పుతారు. ఈ వయసులో 12 మీటర్లు దాటకూడదు, పక్కన డైవింగ్ వచ్చిన తల్లో తండ్రో, లేదంటే ఇన్‌స్ట్రక్టరో ఉండాలి. అక్కడే ఒమన్ నౌకాదళం 2003లో కావాలని ముంచిన అల్ మునాసిర్ అనే ఓడ ఉంది, 30 మీటర్ల లోతున. వాడికి అది చూడాలని ఎంతో ఆశ. లోతు ఎక్కువంటే మారు మాట్లాడకుండా ఊరుకున్నాడు.

రెండో డైవ్‌లో తొమ్మిది మీటర్ల దగ్గర ఉన్నాం. సిలిండర్లో ఇంకా సగానికి పైగా గాలి ఉంది. పగడాల పక్కన ఒక తాబేలు తాపీగా మేస్తోంది. చూపిద్దామని తిరిగేసరికి వాడు బొటనవేలు పైకెత్తి ఉన్నాడు.

నీళ్లలో దానర్థం 'బాగుంది' అని కాదు, 'పైకి వెళ్దాం' అని. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. పైకి వెళ్దామని ఎవరైనా, ఎప్పుడైనా అనొచ్చు. కారణం చెప్పక్కర్లేదు, పక్కవాళ్లు కాదనకూడదు. మొదటి రోజే నేర్పారు, నేనూ తలూపాను. అయినా ఆగమని అరచెయ్యి చూపించి, తాబేలు వైపు వేలు పెట్టాను. వాడు మళ్లీ బొటనవేలే చూపించాడు. ఈలోపు మా ఒమనీ ఇన్‌స్ట్రక్టర్ వాడి వైపు అదే సైగ చేసి బయల్దేరదీశాడు. పైకి తేలేముందు జాగ్రత్త కోసం ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగినంతసేపూ వాడు నా జాకెట్ పట్టీ వదల్లేదు.

పడవెక్కగానే మొదలుపెట్టాను. చెవి నొప్పా? చలా? భయమేసిందా? ఇన్‌స్ట్రక్టర్ హిందీలో మెల్లిగా అన్నాడు, "అడక్కండి. ఇవాళ సంజాయిషీ అడిగితే రేపు వేలెత్తడానికి ఆలోచిస్తాడు."

ఆ మాట నన్ను పట్టుకుంది. మా ఇంట్లో పెద్దవాళ్లకి 'వద్దు' అని చెప్పే పద్ధతే లేదు. ప్రతి శుక్రవారం వీడియో కాల్‌లో వాణ్ణి నిలబెట్టి నాయనమ్మకి వేమన పద్యం చెప్పిస్తాను. ఈమధ్య వద్దంటున్నాడు. పెద్దవాళ్లు అడిగితే కాదంటావా అని గదమాయిస్తున్నాను. అదంతా నా భయం. ఇవాళ పద్యం వద్దన్నవాడు రేపు తెలుగే వద్దంటాడేమోనని.

సాయంత్రం సిఫాలో ఒమనీ మిత్రులు పుల్లలకి మాంసం ముక్కలు గుచ్చి మిష్కాక్ కాల్చారు, మా ఆవిడ తెచ్చిన పులిహోర అందరికీ పంచింది. చేతులు కడుక్కుంటూ వాడే చెప్పాడు. "నాన్నా, మాస్క్‌లోకి నీళ్లొచ్చాయి. తీసేయడం వచ్చు నాకు. కానీ చాలనిపించింది."

ఏడింటికి అమ్మకి ఫోన్ చేశాం, భీమిలిలో అప్పుడు ఎనిమిదిన్నర. "ఏదీ, ఓ పద్యం చెప్పు బంగారం" అంది. వాడు నా వైపు చూసి, లాంతరు వెలుగులో బొటనవేలు కొంచెంగా పైకెత్తాడు.

"ఇవాల్టికి చాలట అమ్మా" అన్నాను.

"సరేలే, ఏం తిన్నాడు?" అంది.

వాడు ఫోన్ నా చేతిలోంచి లాక్కుని టార్చి పట్టుకుని ఇసకలో పరిగెత్తాడు. "నాయనమ్మా, ఇది చూడు! కన్నంలోకి పోతోంది!"

"పీతరా అది. మన ఊళ్లో ఇలాంటివే. మీ నాన్న పొద్దస్తమానం వాటి వెంటే పడేవాడు."

ఆ తర్వాత అరగంట ఫోన్ నా చేతికి రాలేదు.